ఇటుక వంగుతుందా మియా?

మొన్న రంజాన్‌లో మా ఖాందాన్ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. "రేపటి ఎలక్ట్రానిక్స్‌ను తొమ్మిదిన్నర శతాబ్దాల కిందే మన మేస్త్రీలు కనిపెట్టారు" అని మొదలవుతుంది. కింద రాసినవాళ్ల పేరు లేదు. మా మామూ కొడుకు పంపాడు. అందరూ మాషా అల్లా, సుబ్హానల్లా అని పెడుతున్నారు. నేను మాత్రం ఫోన్ పట్టుకుని చెమటలు పట్టి కూర్చున్నాను. ఎందుకంటే అది రాసింది నేనే. 2016లో రాశాను. అందులో ఒక ఝూట్ ఉంది. తెలిసి రాసిన ఝూట్ కాదు, జోష్‌లో రాసిన ఝూట్.

ఆ ఏడాది మార్చిలో ఒక ఖబర్ వచ్చింది. అమెరికాలో బాల్టిమోర్ అనే ఊళ్లో భౌతిక శాస్త్రవేత్తల పెద్ద సభ జరిగింది. కెనడాలోని మెక్‌గిల్ యూనివర్సిటీ నుంచి అహ్మద్ రఫ్సంజానీ అనే పరిశోధకుడు వచ్చి, ప్రొఫెసర్ దామియానో పసీనీతో కలిసి తయారుచేసిన రబ్బరు షీట్ల గురించి చెప్పాడు. చదునైన రబ్బరు షీటు మీద లేజర్‌తో ఒక నక్షా ప్రకారం గాట్లు పెట్టారు. మామూలు రబ్బరును ఇటు అటు లాగితే నడుము సన్నబడుతుంది. ఇది సన్నబడదు, అడ్డంగా కూడా విచ్చుకుంటుంది. వదిలేశాక కూడా విచ్చుకున్నది విచ్చుకున్నట్టే నిలబడుతుంది. ఆ నక్షా ఎక్కడిదంటే, ఇరాన్‌లో ఖర్రఖాన్ అనే చోట ఉన్న రెండు పాత మక్బరాల గోడల మీది ఇటుక పనిని చూసి తీసుకున్నది.

ఇంకేం కావాలి నాకు? కలం ఆగలేదు. జుమా నమాజ్ తర్వాత ఇద్దరు ముగ్గురు గలే మిలాయించి ముబారక్ చెప్పారు కూడా. వారం తర్వాత ఒక ఫోన్ వచ్చింది. గొంతు పెద్దాయనది. రిటైర్డ్ ఇంజనీరునని చెప్పారు. సలాం అయ్యాక ఒకే ఒక్క సవాల్ అడిగారు.

"ఇటుక వంగుతుందా మియా?"

వంగదండీ అన్నాను.

"గోడ మీద ఉన్నది ఇటుకే కదా. వంగని ఇటుకలో, మీరు రాసిన సాగే కమాల్ ఎక్కడుంది?"

నా దగ్గర జవాబ్ లేదు. ఆయన కోపంగా మాట్లాడలేదు, అదే ఎక్కువ గుచ్చుకుంది. అప్పటి నుంచి ఈ విషయం మీద ఎక్కడ ఏం కనబడినా చదువుతున్నాను. చదునైన దాన్ని కోసి, మడిచి, నిలబెట్టి ఎలక్ట్రానిక్ యంత్రాలు చేసే ఈ హునర్ తారీఖ్ ఏంటో ఇప్పుడు కొంచెం చెప్పగలను. ఆ పెద్దాయనకు బాకీ ఉన్న జవాబ్ ఇది.

ముందు మామూ గురించి చెప్పాలి. ఛత్తా బజార్ తెలియని హైదరాబాదీ ఖాందాన్ ఉండదు. షాదీ రుఖ్ఖాలు అచ్చు వేయించుకోవాలంటే అక్కడికే పోతాం. మా మామూ అక్కడ ఒక ప్రెస్సులో డై పంచింగ్ పని చేసేవారు. రుఖ్ఖా కవరు, మిఠాయి డబ్బా, గులాబీ ఆకారంలో కోసిన కార్డు, అన్నీ ఆ మెషిన్ మీదే. చెక్క పలకలో రెండు రకాల స్టీలు పట్టీలు బిగిస్తారు. ఒకటి కటింగ్ రూల్, పదునుగా ఉంటుంది, అట్టను తెంపుతుంది. రెండోది క్రీజింగ్ రూల్, మొద్దుగా ఉంటుంది. అది తెంపదు, నొక్కి గాడి మాత్రం వేస్తుంది. గాడి పడిన చోటే అట్ట మడత పడుతుంది, ఇంకెక్కడా పడదు. చదునుగా పోయిన అట్ట చదునుగానే బయటికొస్తుంది. చేతిలోకి తీసుకుని నాలుగు మడతలు పెడితే డబ్బా లేచి కూర్చుంటుంది. ఈ రెండు పట్టీలనూ గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాయి.

ఇంట్లో షాదీ ఉంటే ముందు రోజు రాత్రి మామూ పతంగ్ కాగజ్ తెచ్చి జాలీలు కోసేవారు. కాగజ్‌ను పొడుగ్గా మడిచి, ఈ వైపు నుంచి ఒక గాటు, ఆ వైపు నుంచి ఒక గాటు. మడత విప్పి రెండు చివరలు పట్టుకుని లాగితే మూరెడు కాగజ్ షామియానా అంత జాలీ అయ్యేది. మీ ఇంట్లో పిల్లలుంటే ఒక పాత నోట్‌బుక్ పేజీ తెప్పించి ఇప్పుడే చేసి చూడండి. ఎనిమిదేళ్ల వయసులో నేనూ ఖైంచీ పట్టాను. గాటును ఈ చివర నుంచి ఆ చివర దాకా తెంపేశాను. విప్పితే జాలీ లేదు, గచ్చు మీద రంగు ముక్కలు. ఏడుపు మొహం పెట్టాను. మామూ నవ్వి, కొత్త కాగజ్ ఇచ్చి, "కాటా సో నై రే, ఛోడా సో దేఖ్" అన్నారు. కోసింది కాదురా, వదిలింది చూడు అని.

ఇక అసలు కథ. ఎలక్ట్రానిక్స్ ఎందుకు ఇంత చదునుగా ఉంటుంది? టీవీ వెనక తెరిచినా, ఫోన్ తెరిచినా ఆకుపచ్చ పలకే. దీనికి జవాబ్ ప్రెస్సులోనే ఉంది. పాల్ ఐస్లర్ అని వియన్నాలో పుట్టిన ఒక యూదు ఇంజనీరు. అక్కడ పత్రికల, ముద్రణ పనులతో పరిచయం ఉన్న మనిషి. 1936లో దేశం విడిచి లండన్ చేరుకున్నాడు. ఆ రోజుల్లో రేడియో లోపల తీగలన్నీ చేత్తో ఒక్కొక్కటీ టంకం వేసి కలిపేవాళ్లు. ఐస్లర్ అన్నాడు: తీగలు ఎందుకు, అచ్చు వేద్దాం. కరెంటు పారని పలక మీద పల్చటి రాగి రేకు అతికించడం, దారులు ఉండాల్సిన చోట సిరా లాంటి పూత వేయడం, మిగతా రాగిని ఆసిడ్‌తో తినిపించేయడం. పూత కింద ఉన్న రాగి మిగులుతుంది, అదే తీగ. మామూ భాషలో చెప్పాలంటే, తీసేసింది కాదు, వదిలిందే సర్క్యూట్. 1943లో పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. యుద్ధంలో ఆ పద్ధతి ఫిరంగి గుళ్ల ఫ్యూజుల దాకా పోయింది.

తర్వాత 1959లో అమెరికాలోని ఫెయిర్‌చైల్డ్ కంపెనీలో జాన్ హోర్నీ అనే స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త ట్రాన్సిస్టర్‌ను కూడా సిలికాన్ బిళ్ల ఉపరితలం మీదే చదునుగా తయారుచేసే పద్ధతి తెచ్చాడు. దాని పేరే ప్లానార్, అంటే చదును. ఇవాళ్టి చిప్పులన్నీ ఆ నస్ల్ నుంచి వచ్చినవే. కాంతిని ఒక నక్షా గుండా పంపి బిళ్ల మీద ఫోటోలా ముద్రిస్తారు. ఉపరితలం ఎగుడుదిగుడుగా ఉంటే ఫోకస్ పోతుంది, ఫోటో చెదిరిపోతుంది. అందుకే బిళ్ల అద్దంలా ఉండాలి. చదును అనేది ఇక్కడ అలవాటు కాదు, షర్తు. ఆ షర్తుకు ఒప్పుకుంటే కోట్ల ట్రాన్సిస్టర్లు ఒకే దెబ్బలో తయారవుతాయి.

చిక్కు ఏంటంటే, దునియా చదునుగా లేదు. మోకాలు చదునుగా లేదు, గుండె చదునుగా లేదు, రాకెట్ ముక్కు చదునుగా లేదు. చదునుగా తప్ప తయారు చేయలేని దాన్ని, చదునుగా లేని చోట పెట్టాలి. అందుకు రెండు దారులు కనబడ్డాయి. మడవడం, కోయడం. క్రీజింగ్ రూల్, కటింగ్ రూల్.

మడత ముందు వచ్చింది. 1960లలో డూపాంట్ కంపెనీ కాప్టన్ అనే పల్చటి ఫిల్మ్ తెచ్చింది. తేనె రంగులో ఉంటుంది, వేడిని తట్టుకుంటుంది, వంగుతుంది. దాని మీద ఐస్లర్ పద్ధతిలోనే రాగి దారులు వేస్తే వంగే సర్క్యూట్ అయింది. మా ఖాలాజాద్ భాయ్ ఒకడు అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో మొబైల్ రిపేర్ చేసేవాడు. మడత ఫోన్లు వచ్చిన కొత్తలో అతని టేబుల్ మీద ఎప్పుడూ ఆ తేనె రంగు పట్టీలు పడి ఉండేవి. స్ట్రిప్ అనేవాడు. ఫోను మూత తెరిచి మూసినప్పుడల్లా ఆ స్ట్రిప్ కీలు చుట్టూ తిరుగుతుంది. "భాయ్, తెర పోయిందంటే పది ఫోన్లలో సగం తెర బాగానే ఉంటది, స్ట్రిప్ చిట్లిపోయి ఉంటది" అనేవాడు.

ఎందుకు చిట్లుతుందో తెలిస్తే మడత వెనక ఉన్న లెక్క అర్థమవుతుంది. ఒక మందపాటి రజాయిని మడవండి. బయటి గుడ్డ సాగుతుంది, లోపలి గుడ్డ ముడతలు పడుతుంది. మధ్యలో ఎక్కడో ఒక పొర సాగదు, నలగదు. రాగిని ఆ మధ్య పొరలో పెట్టగలిగితే వేల మడతలు తట్టుకుంటుంది. పై పొరలో పెడితే కొన్నాళ్లకే పగులుతుంది. వంగే ఎలక్ట్రానిక్స్ చేసేవాళ్ల సగం జిందగీ ఈ మధ్య పొరను వెతకడంలోనే పోతుంది.

ఇక ఆకాశంలోకి పోయిన మడత జపాన్ వాళ్లది. కాగితం మడిచి బొమ్మలు చేసే కళను వాళ్లు ఓరిగామి అంటారు. కోర్యో మియురా అనే అంతరిక్ష ఇంజనీరు పెద్ద పలకలను చిన్న పొట్లంలా మడిచే ఒక పద్ధతిని 1970ల నాటికే తయారుచేశాడు. వంకర గళ్లలా, పక్కపక్కనే సమాంతర చతుర్భుజాలు. దాని గొప్పతనం ఏంటంటే, ఎదురెదురు మూలలు రెండూ పట్టుకుని లాగితే మొత్తం ఒకేసారి తెరుచుకుంటుంది, తోస్తే ఒకేసారి మూసుకుంటుంది. మన రోడ్డు మ్యాపును ఒకసారి విప్పితే మళ్లీ ముందులా మడవడం ఎంత ముసీబతో తెలుసు కదా. ఇందులో ఆ బాధ లేదు. 1995 మార్చిలో జపాన్ పంపిన స్పేస్ ఫ్లయర్ యూనిట్ అనే ఉపగ్రహంలో ఆ మడత పలకను తెరిచి చూశారు. 1996 జనవరిలో అమెరికా షటిల్ ఎండెవర్ వెళ్లి ఆ ఉపగ్రహాన్ని వెనక్కి తెచ్చింది.

మడతతో అన్ని పనులూ కావు. ఒక లడ్డూను కాగజ్‌లో చుట్టి చూడండి. ముడతలు పడకుండా చుట్టలేరు. ఎవరూ చుట్టలేరు. చదునైన దాన్ని సాగదీయకుండా గుండ్రటి దాని మీద పరచడం కుదరదని గౌస్ అనే జర్మన్ గణిత పండితుడు 1827లోనే రుజువు చేశాడు. భూగోళం మ్యాపులో గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత కనబడటం కూడా ఆ గొడవే. మరి గుండె మీద, కంటి మీద, కీలు మీద సర్క్యూట్ పరవాలంటే? కోయాలి. గాటు పెట్టిన చోట కాగజ్ నోరు తెరుస్తుంది, ఆ ఖాళీలోనే వంపు ఇమిడిపోతుంది.

కోసి సాగదీయడం కూడా కొత్తది కాదు. 1880లలో గోల్డింగ్ అనే ఆయన ఇనుప రేకుకు వరస గాట్లు పెట్టి లాగి జాలీ చేసే పద్ధతికి అమెరికాలో పేటెంటు తీసుకున్నాడు. మన ఇళ్ల కిటికీలకు, కోళ్ల గూళ్లకు కొట్టే డైమండ్ గళ్ల ఇనుప జాలీ అదే. వెల్డింగ్ చేసింది అనుకుంటాం, కాదు, ఒకే రేకు. ఇప్పుడు ఆన్‌లైన్ పార్సిళ్లలో గాజు సామాను చుట్టి పంపుతున్న గోధుమ రంగు జాలీ కాగజ్ కూడా ఆ బిరాదరీయే. జపాన్ వాళ్లు కాగితం కోసే కళకు పెట్టుకున్న పేరు కిరిగామి. కిరు అంటే కోయడం, కామి అంటే కాగితం. ప్రయోగశాలలు ఆ పేరునే పట్టుకున్నాయి.

2000 సంవత్సరంలో మాల్టాకు చెందిన జోసెఫ్ గ్రీమా, ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ ప్రొఫెసర్ కెన్ ఎవాన్స్ ఒక చిన్న లెక్క చెప్పారు. చదరాలను మూలల దగ్గర కీళ్లతో కలిపి పరిస్తే, లాగినప్పుడు ఒక్కో చదరం తిరుగుతుంది. ఒకటి కుడికి, పక్కది ఎడమకి. అందుకే షీటు నిలువుగా లాగినా అడ్డంగా కూడా పెరుగుతుంది. కాగజ్ మీద ఒక నిలువు గాటు, పక్కన ఒక అడ్డం గాటు, ఇలా మార్చి మార్చి పెట్టి లాగండి, కళ్ల ముందే చదరాలు తిరుగుతాయి. ఇక్కడ పదార్థం సాగడం లేదు. తిరుగుతోంది. సాగని సిలికాన్‌కు, సాగితే తెగే రాగికి ఇంతకంటే ఏం కావాలి?

నా లెక్కలో ఈ తారీఖ్‌లో ముఖ్యమైన సాల్ 2015. ఆ ఒక్క ఏడాదిలో మూడు చోట్ల నుంచి మూడు ఖబర్లు వచ్చాయి.

జనవరిలో ఇల్లినాయి యూనివర్సిటీ ప్రొఫెసర్ జాన్ రోజర్స్ బృందం. వాళ్ల పద్ధతి నాకు అన్నిటికంటే ఇష్టం. ముందు సిలికాన్‌ను మామూలు చిప్పు పద్ధతిలోనే చదునుగా, పాము మెలికల్లా, పువ్వు రెక్కల్లా తయారుచేస్తారు. ఒక రబ్బరు షీటును సాగదీసి పట్టుకుంటారు. సిలికాన్ నక్షాను దాని మీద పరిచి, కొన్ని చోట్ల మాత్రమే అతికిస్తారు. ఇప్పుడు రబ్బరును మెల్లగా వదులుతారు. రబ్బరు ముడుచుకుంటుంది, అతికిన చోట్లు దగ్గరవుతాయి, అతకని భాగానికి చోటు చాలక పైకి లేస్తుంది. పిల్లల బొమ్మల పుస్తకం తెరిస్తే కోట లేచి నిలబడినట్టు. చేతులు పెట్టలేనంత చిన్న వస్తువు, తనంతట తానే లేస్తుంది. ఎక్కడ అతికించాలి, ఎక్కడ వదలాలి, అదే మొత్తం హునర్. తర్వాతి ఏళ్లలో ఈ దారిలోనే ప్రయోగశాలలో పెంచిన మెదడు కణాల చిన్న ఉండను చుట్టూ పట్టుకుని దాని కరెంటు సంకేతాలు వినే పంజరాలు చేశారు. 2021లో గాలిలో తిరుగుతూ దిగే విత్తనాల్లాంటి, ఇసుక రేణువంత రెక్కల చిప్పులు కూడా చేశారు.

జులైలో కార్నెల్ యూనివర్సిటీ. పాల్ మెక్‌యూయెన్ ప్రయోగశాలలో మెలీనా బ్లీస్, ఆమె సాథీలు గ్రాఫీన్‌ను కోశారు. గ్రాఫీన్ అంటే ఒకే ఒక్క అణువు మందం ఉన్న కార్బన్ పొర. అంతకంటే పల్చటి కాగజ్ అల్లా దునియాలో ఎక్కడుంది? దాన్ని స్ప్రింగులా, కీలులా కోసి లాగారు. ట్రాన్సిస్టర్‌ను అసలు పొడవుకు రెట్టింపు పైగా సాగదీసినా కరెంటు గుణం పెద్దగా మారలేదు. నక్షాలను ముందు మామూలు కాగితం మీద కోసి చూసుకునేవాళ్లట. ఈ మాట చదివినప్పుడు మామూ గుర్తొచ్చారు.

సెప్టెంబరులో మిచిగాన్ యూనివర్సిటీ. మాక్స్ ష్టైన్ బృందం సోలార్ పలకల మీద పని చేసింది. పొద్దున తూర్పున, సాయంత్రం పడమరన ఉండే సూర్యుడి వైపు పలకను తిప్పడానికి బరువైన మోటార్లు కావాలి. ఇంటి కప్పు మీద అది కుదరదు. వాళ్లు కాప్టన్ ఫిల్మ్ మీద పల్చటి సోలార్ పొర వేసి, వరస గాట్లు పెట్టారు. చివరలు లాగితే ప్రతి పట్టీ ఒక కోణంలో వాలుతుంది. ఎంత లాగితే అంత వాలు. పలక మొత్తం కదలదు, అందులోని పట్టీలు మాత్రమే సూర్యుణ్ణి చూస్తూ తిరుగుతాయి. ఆ పరిశోధన పత్రం మీద ప్రొఫెసర్లతో పాటు మాథ్యూ ష్లియన్ పేరు కూడా ఉంది. ఆయన శాస్త్రవేత్త కాదు, కాగితం కళాకారుడు. కాగజ్ కోసేవాడి పేరు సైన్స్ పత్రం మీద! ఛత్తా బజార్‌లో ముప్పై ఏళ్లు పని చేసిన మామూ పేరు ఒక రుఖ్ఖా వెనక కూడా పడలేదు.

ఇంతకంటే ముందు హార్వర్డ్ వాళ్లు కూడా తక్కువ చేయలేదు. 2012లో కార్బన్ ఫైబర్, ఇత్తడి, కాప్టన్ లాంటి 18 పొరలను కోసి అతికించి, ఒక్క కదలికతో లేచి నిలబడే తేనెటీగంత యంత్రాన్ని చేశారు. 2014లో ఇంకో అడుగు వేశారు. కాగితం, వేడి తగిలితే ముడుచుకునే ప్లాస్టిక్, వంగే సర్క్యూట్ పొరలతో ఒక చదునైన షీటు. బ్యాటరీ, మోటార్లు పెట్టి ఆన్ చేస్తే నాలుగు నిమిషాల్లో తనను తానే మడుచుకుని, లేచి, నడిచి వెళ్లిపోయింది. ఆ వీడియో మా అమ్మాయికి చూపించాను. "అబ్బా, నా స్కూల్ బ్యాగ్ కూడా ఇట్ల నడుస్తే బాగుండు" అంది.

ఇప్పుడు ఖర్రఖాన్‌కు పోదాం. ఈసారి జోష్ పక్కన పెట్టి.

ఇరాన్‌లో ఖజ్వీన్ పట్టణానికి అటువైపు, మైదానంలో రెండు బురుజులు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి 1067లో, రెండోది 1093లో కట్టినవి. సల్జూఖ్ సుల్తానుల జమానా. రెండూ ఎనిమిది ముఖాల మక్బరాలు. మొదటి దాని మీద కట్టినాయన పేరు చెక్కి ఉంది: ముహమ్మద్ బిన్ మక్కీ అల్ జంజానీ. మేస్త్రీ పేరు గోడ మీద ఉండటం ఎంత గొప్ప విషయమో మామూ కథ విన్నాక మీకు వేరే చెప్పక్కర్లేదు. బయటి గోడల మీద పలకలు, రంగులు, పూత ఏమీ లేవు. వట్టి ఇటుక. ఇటుకను అడ్డంగా, నిలువుగా, ఏటవాలుగా పేర్చి, ఒక్కో ముఖం మీద ఒక్కో నక్షా. ఎండ పడితే ఇటుకల నీడలే నక్షాను గీస్తాయి. 2002 భూకంపంలో రెండూ బాగా దెబ్బతిన్నాయి.

మన దగ్గర ఆ ఖాందాన్ పని చూడాలంటే సంతోష్ నగర్ వైపు పైగా మక్బరాలకు వెళ్లండి. సున్నంలో, రాతిలో కోసిన జాలీలు ఒకదానితో ఒకటి పోలిక లేకుండా ఉంటాయి. ఒక ఆదివారం మా అమ్మాయిని తీసుకెళ్లి గంటసేపు అక్కడ కూర్చున్నాను. ఒక జాలీలో ఉన్న ఆరు కోణాల గడిని చూపించి, "ఇది తిరుగుతదా అబ్బా?" అని అడిగింది. తిరగదు బేటీ, రాయి కదా అన్నాను. ఆ మాట నోటి నుంచి వచ్చిన తర్వాతే ఆ పెద్దాయన ఫోన్ అర్థమైంది నాకు.

జంజానీ మేస్త్రీకి తెలిసింది వేరు, రఫ్సంజానీకి తెలిసింది వేరు. మేస్త్రీకి కావలసింది గోడ నిలబడటం. వెయ్యేళ్లు కదలకుండా ఉండటం. ఖాళీ మిగలకుండా, మోత తప్పకుండా గోడంతా ఒకే గడిని ఎలా పరవాలో ఆయనకు తెలుసు. వృత్తలేఖిని, కొలబద్ద, అంతే సామాను. అది పెద్ద ఇల్మే. కానీ అది సాగే ఇల్మ్ కాదు. రఫ్సంజానీ ఆ నక్షాను చూసి ఇటుక పోసే చోట రబ్బరు ముక్కను, రెండు ఇటుకల మధ్య గీతలో గాటును ఊహించుకున్నాడు. గాటును పూర్తిగా తెంపకుండా మూలల దగ్గర సన్నటి కీలు వదిలాడు. ముక్క తిరిగేటప్పుడు ఆ కీలు వంగుతుంది, సగం దూరం దాకా వెనక్కి లాగుతుంది, సగం దాటాక ముందుకు తోస్తుంది. గోడ మీది స్విచ్చు ఆన్ లేదా ఆఫ్ తప్ప మధ్యలో నిలబడనట్టు. అందుకే వదిలేసినా విచ్చుకునే ఉంటుంది. రక్తనాళంలో పెట్టే స్టెంట్లకు, ఉపగ్రహాల మీద తెరుచుకునే పలకలకు ఇది పనికొస్తుందని వాళ్ల ఆశ. కీలు అనే ఆ సన్నటి జాగా ఖర్రఖాన్ గోడలో లేదు. అక్కడ ఉన్నది సున్నం.

అదే ఆ పెద్దాయన సవాల్‌కు జవాబ్. కమాల్ గోడలో లేదు సాబ్. గోడను చూసిన కళ్లలో ఉంది.

దీన్ని తక్కువ చేసినట్టు మనవాళ్లు అనుకుంటారు. నాకలా అనిపించదు. రఫ్సంజాన్ ఇరాన్‌లో ఒక ఊరి పేరు. ఆ పేరు మోస్తున్న మనిషి మాంట్రియల్‌లో కూర్చుని, తన నేల మీది గోడలను పాఠంలా చదివి, అక్కడ లేని ఒక కొత్త వాక్యం రాశాడు. తర్వాత ఆయన హార్వర్డ్‌లో కాతియా బెర్తోల్దీ ప్రయోగశాలలో చేరి, 2018లో పాము పొలుసుల్లా గాట్లు పెట్టిన ప్లాస్టిక్ చర్మం చేశాడు. దాన్ని సాగే గొట్టానికి చుట్టి గాలి నింపుతూ తీస్తూ ఉంటే పొలుసులు లేచి నేలను పట్టుకుంటాయి, గొట్టం పాకుతుంది. ఆ చిన్న యంత్రంలో సర్క్యూట్, బ్యాటరీ, పంపు అన్నీ తోకలోనే ఉన్నాయి, వెనక తీగ లేదు. ఇదంతా "మన పూర్వీకులు ముందే కనిపెట్టారు" అంటే, జంజానీకి చేయని పని అంటగడుతున్నాం, రఫ్సంజానీ చేసిన పని లాక్కుంటున్నాం. ఇద్దరి హక్కూ మారినట్టే.

మనది అని ధైర్యంగా చెప్పుకోవాలంటే వేరేవి ఉన్నాయి. తెలుగులో కాగితం అనే మాటే కాగజ్ నుంచి వచ్చింది. చైనాలో పుట్టిన కాగితం సమర్ఖంద్ మీదుగా వచ్చి, ఎనిమిదో శతాబ్దం చివరికి బగ్దాద్‌లో తయారవడం మొదలైంది. కాగితం అమ్మేవాళ్లకు, రాతప్రతులు నకలు చేసేవాళ్లకు అక్కడ ఒక బజారే ఉండేది. కాగజ్‌ను కోసి అక్షరాలు, పూల తోటలు చేసే కళ హిరాత్‌లో, ఇస్తాంబుల్‌లో పెద్ద హునర్. తుర్కీలో దాన్ని కాతి అంటారు, అరబీ ఖత్అ నుంచి వచ్చిన మాట, కోత అని అర్థం. దక్కన్ సుల్తానుల దర్బారుల్లో కూడా కోసిన కాగజ్‌తో ఖుష్‌నవీసీ చేసినవాళ్లు ఉన్నారు. కోసిన అక్షరం ఒక పేజీ మీద, దాన్ని తీసిన ఖాళీ ఇంకో పేజీ మీద, రెండూ చదవడానికి వీలుగా. ఆ ఉస్తాదులకు, మా మామూకు రిష్తా ఉందని నేను నమ్ముతాను. దానికి మాత్రం ఎలక్ట్రానిక్స్ తోక తగిలించను.

ఈదయ్యాక మామూ ఇంటికి పోయాను. పని మానేసి చాలా ఏళ్లయింది. కళ్లు సరిగా కనబడవు గానీ చేతులు ఊరికే ఉండవు. రబ్బరు షీటు వీడియో ఫోన్‌లో పెద్దది చేసి చూపించాను. మూడుసార్లు చూశారు. మాషా అల్లా అంటారనుకున్నాను. "రబ్బరు గనక నడిచింది. కాగజ్ అయితే గాటు చివర చిరిగిపోతది" అన్నారు. మంచం కింద నుంచి డబ్బా తీసి, పాత పంచ్ వెతికి, అట్ట ముక్క మీద గాటు పెట్టి, గాటు చివర చిన్న గుండ్రటి బొక్క కొట్టి లాగి చూపించారు. చిరగలేదు. బొక్క లేని గాటు ఒకటి పెట్టి లాగారు. సర్రుమని చిరిగింది. గుండ్రంగా ఉంటే లాగే బలం ఒక్క మొన మీద పడకుండా చుట్టూ పంచుకుంటుంది. పగులు పెరగకుండా విమానం రేకులకు ఇంజనీర్లు చేసేదీ, ప్రయోగశాలల్లో గాట్ల చివరలు గుండ్రంగా కోసేదీ ఇందుకే. మామూకు ఇది ఎవరు చెప్పారని అడిగితే, "మిఠాయి డబ్బాలు చిరిగి వాపస్ వస్తే సేటు పైసలు కోసేటోడు" అన్నారు.

ఫోన్ తీసుకుని, గ్రూపులో ఆ మెసేజ్ కింద నా పేరు రాశాను. ఇది నేను రాసిందే, ఇందులో తప్పు ఉంది, ఇటుక వంగదు అని రాశాను. పంపేముందు మామూకు చదివి వినిపించాను. ఊ అన్నారు, పంచ్‌ను డబ్బాలో పెట్టుకుంటూ.

ఆ పెద్దాయన నెంబరు ఇప్పుడు పని చేయడం లేదు. గ్రూపులో నలుగురు సలాం పెట్టారు. మా ఖాలూ ఒకాయన మాత్రం ఇంకా నాతో మాట్లాడటం లేదు.